రెండు దిక్కుల తిన్న ఇల్లు

జూన్ 18, 2007

మా కాలేజీ రిజిస్ట్రార్ వీరప్ప ఈరోజు మాకు సమోసాలు పెట్టించి, తర్వాత నౌకరీలు పోతాయని చెప్పాడు.

యూనియన్ కమిటీ వాళ్ళమంతా ఆయన గదిలో కూర్చున్నాం. ప్లేట్లు ముందే వచ్చాయి. ఏసీ చలికి నూనె గడ్డకట్టి వేళ్ళకు అంటుకుంటోంది. మేం నములుతుండగా ఆయన మూతి తుడుచుకుని మొదలుపెట్టాడు. ఇంటి భాష కన్నడమైనా మాతో తెలుగే మాట్లాడతాడు. అదొక ప్రేమ ఆయనకు.

"పిల్లలందరు హైదరాబాద్ కాలేజీలకు పోతుండ్రు. ఇక్కడ సీట్లు నిండుత లేవు. ఆఫీసు, మెస్సు, బస్సులు, అన్నిట్ల కలిపి మూడో వంతు మంది ఎక్కువున్నరు. ఇది మేనేజ్‌మెంట్ మాట, నాది గాదు."

ఎక్కువున్నరు. తూకంలో ఎక్కువ పడిన ఉల్లిగడ్డల గురించి చెప్పినట్టు చెప్పాడు.

మా అధ్యక్షుడు బర్నబా ఒక్కడే సమోసా ముట్టలేదు. లైబ్రరీలో పనిచేస్తాడు, ఆదివారం మంగల్‌పేట చర్చిలో పాటలు పాడతాడు. గొంతెత్తడం నేనెప్పుడూ వినలేదు. "ఆ మూడో వంతు ఎవరు సార్?" అని అడిగాడు.

"అది మీరే చెప్పాలె. మీ మనుషులు మీకే ఎరుక గద. పేర్లు మీరు ఇస్తే ఎవరికీ తఖ్లీఫ్ ఉండదు."

ఉపాధ్యక్షుడు మొగులప్ప బస్సు డ్రైవర్. ఆ మాట విని ఇంకో సమోసా తీసుకున్నాడు. నేను జాయింట్ సెక్రటరీని, ఉన్న ఒక్క ఆడదాన్ని. ఏదో అనాలి. రెండు సమోసాలు తిన్నాను. ఇంటికి వచ్చి పళ్ళు తోముకున్నా నోట్లోంచి ఆ నూనె వాసన పోవడం లేదు.

జూన్ 19

మా ఆయన విఠల్‌కు చెప్పాను. ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "మంచిదే గద. ఇడ్సిపెట్టు ఆ నౌకరి. పరీక్ష పేపర్లకు సీల్లు వేసుకుంట ఎన్నేండ్లుంటవు? లాస్య పదోతరగతి అయినంక మనం కూడ హైదరాబాద్ పోదాం" అన్నాడు.

ఎరువుల దుకాణం ఉన్నప్పుడు ఈ మనిషి రాత్రి నాతో కూర్చుని బస్తాల లెక్క చూసుకునేవాడు. ఇప్పుడు ప్లాట్లు అమ్ముతున్నాడు. మెడలో గొలుసు వచ్చింది. మనిషి చొక్కాలోంచి ఎప్పుడూ కొత్త కారు వాసన వస్తుంది.

జూన్ 27

మెయిన్ గేటుకు ఎదురుగా ధర్నా టెంటు వేశాం. మధ్యాహ్నానికి వాన. కింద పరిచిన జంఖానా నుంచి తడి కుక్క వాసన. స్లోగన్లు నేనే ఇచ్చాను, ఆడగొంతు దూరం పోతుందని.

వంట రాచమ్మ చేస్తోంది. హాస్టల్ మెస్‌లో పెద్ద వంటమనిషి. ముసలి తల్లి ఎంకమ్మతో హాస్టల్ వెనక క్వార్టర్‌లో ఉంటుంది. లాస్య కడుపులో ఉన్నప్పుడు నాకు ఆఫీసులో ఏదీ సయించేది కాదు. మెస్‌లో నుంచి దొంగతనంగా చింతపండు చారు తెచ్చి తాగించేది. టెంటులో పప్పు రుచి చూపించి, "కారం తక్కువైందా అక్కా?" అని అడిగింది. ధర్నా గెలుస్తుందా అని మాత్రం అడగదు.

మొగులప్ప వడ్డన వరుసలో ముందు నిలబడతాడు, పనిలో వెనక. పప్పు పోస్తే గరిటె అడుగు దాకా ముంచమంటాడు. పోరాటంలో నాకు మొదట తెలిసింది ఎవరు ఎట్లా తింటారో అన్నది. చూడకుండా ఉంటే బాగుండేది.

జూలై 2

విఠల్ మళ్ళీ శంకర్‌పల్లి వైపు వెళ్ళాడు. ఎవరికో భూమి చూపిస్తున్నాడట. ఎవరికో నేను అడగలేదు.

జూలై 8

ఆదివారం కూడా టెంటులో కూర్చున్నాం. గొంతు పూర్తిగా పోయింది. మధ్యాహ్నం బర్నబా, "చెల్లె, నువ్వు ఇంటికి పో, జర ఉప్పునీళ్ళు పుక్కిలించు" అని పంపించాడు.

గుమ్మం దగ్గర మగవాళ్ళ చెప్పుల మధ్య ఒక బూట్ల జత. అద్దంలా మెరుస్తోంది. ఆ బూట్లను ఎక్కడో చూశాను అనుకుంటూనే లోపలికి వెళ్ళాను.

నా ముందుగదిలో, నా సోఫాలో, రిజిస్ట్రార్ వీరప్ప కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. పొద్దున నేను చేసిన వంకాయకూరతో. పక్కన విఠల్. టీపాయ్ మీద పొలాల హద్దులు గీసిన నక్ష, దాని మీద కూర గిన్నె.

పొద్దున్నుంచి నేను గేటు ముందు అరిచింది ఆ మనిషి పేరే. వీరప్ప డౌన్ డౌన్ అని.

ఆయన ఏ మాత్రం తడబడలేదు. "రా అమ్మా, కూసో. నీ గొంతు పోయినట్టున్నది. అల్లం టీ తాగు." వేళ్ళు నాక్కుని, "నువ్వులు వేసినవా ఇందుల? మా ఇంట్ల గిట్ల రాదు."

టెంటు మాట ఒక్కటి కూడా ఎత్తలేదు. మిగిలిందంతా భూమి గురించే. రోడ్డు ఎటు నుంచి వస్తుంది, బావి ఎక్కడ, పట్టా ఎవరిది. విఠల్ సార్ సార్ అంటూ నవ్వుతున్నాడు. అంత వంగి నవ్వడం నేను పెళ్ళిలో కూడా చూడలేదు.

"భాగ్యా, సార్‌కు ఇంక జర కూర వెయ్" అన్నాడు.

వేశాను. గిన్నె ఎత్తి, గరిటె తీసుకుని, ఆయన కంచంలో వేశాను. "చాలు చాలు" అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతికి కూర అంటింది. చూడలేకపోయాను.

జూలై 9

ఏదో భూమి. ఎవరిదో, ఎవరికో. వ్యాపారం అన్నాక అన్ని రకాల మనుషులూ ఇంటికి వస్తారు. దానికీ మా గొడవకూ సంబంధం లేదు.

టెంటుకు వెళ్ళాను. గొంతు రాలేదు. చప్పట్లు కొట్టాను.

జూలై 16

ఇప్పుడు మా ఇంటికి మనుషులు రావడం మొదలైంది. కమిటీ పేర్లు ఇస్తుందని ఎవరు చెప్పారో కానీ అందరికీ తెలిసిపోయింది. బర్నబా గేటు ముందు నిలబడి "మేం ఎవరి పేర్లూ ఇయ్యం" అని చెప్పాడు. ఆయన మాటకు అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రం వాళ్ళే మా ఇంటికి వచ్చారు.

ఎలక్ట్రిషియన్ సిద్దు ధన్నూర నుంచి ఒక కోడిని తెచ్చాడు. కాళ్ళు కట్టేసి వంటింటి గడప దగ్గర పెట్టి, "ఊరికెనే మేడం, ఇంట్ల ఎక్కువున్నయి" అన్నాడు. ఎక్కువున్నయి. ఇప్పుడు అందరి నోటా అదే మాట. కాసేపు కూర్చుని, వెళ్ళేముందు చెప్పాడు: తన సెక్షన్లోనే ఉన్న ఏసప్ప పనిలో తాగుతాడట. మర్నాడు ఏసప్ప వచ్చాడు. సిద్దు కాలేజీ కరెంటు తీగ ఇంటికి తీసుకుపోయాడట. ఇద్దరూ టెంటులో పక్కపక్కనే కూర్చుంటారు. ఒకే బీడీ తాగుతారు.

మన్నళ్ళి నుంచి వచ్చే ఒక అటెండర్ భార్యను కూడా తెచ్చుకున్నాడు. ఆమె నా కాళ్ళ వైపు వంగబోయింది. నేను వెనక్కి జరిగాను. భయంతో కాదు, రోతతో. ఆమె మీద కాదు. నాకే సరిగ్గా తెలియదు ఎవరి మీదో.

కోడిని తిరిగి పంపాలనుకున్నాను. విఠల్ కోయించాడు.

రాచమ్మ రాలేదు.

జూలై 23

రాసేయాలి, లేకపోతే నిద్ర పట్టదు.

మొగులప్ప బస్సుల షెడ్డులో కమిటీ మీటింగ్ పెట్టాడు. అక్కడికి ఎవరూ రారని. డీజిల్ మరకల మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. మొగులప్ప చెప్పింది ఇది: "మనం ఇయ్యకుంటే వాళ్ళే తీస్తరు. వాళ్ళు తీస్తే మంచోళ్ళను తీస్తరు. మనమే ఇస్తే పనికిరానోళ్ళు పోతరు, యూనియన్ నిలుస్తది."

బర్నబా లేచాడు. "నేను చర్చిల నిలబడి పాడే నోటితోని ఇంకొకరి అన్నం తియ్యమని చెప్పలేను మొగులప్పా. మనల్ని ఎన్నుకున్నది గిందుకు గాదు."

"అట్లయితె నీ లైబ్రరీ పేర్లతోనే మొదలువెడదామా?"

బర్నబా వెళ్ళిపోయాడు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఆయన చేతులు శుభ్రంగా ఉంటాయి. మరి గదిలో ఎవరో ఒకరు బాధ్యతగా ఉండాలి కదా. అన్యాయం జరగకుండా చూడాలి కదా. అందుకే నేను ఉన్నాను.

పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరికీ ఒక్కో కారణం. వీడు కన్నడం సరిగా రాయడు. వాడు తెలంగాణ నుంచి మొన్న మొన్న వచ్చాడు. ఆమెకు మొగుడు సంపాదిస్తాడు. ఆ చివరిది నన్ను చూస్తూ ఎవరూ అనలేదు, కానీ అందరి చూపూ నా వైపు వచ్చి పోయింది. మొగులప్ప తన అన్న కొడుకు పేరు వచ్చినప్పుడు దగ్గాడు. అందరం తర్వాతి పేరుకు జరిగిపోయాం.

మెస్ వాళ్ళ పేర్లు వచ్చినప్పుడు నేను నీళ్ళు తాగడానికి బయటికి వెళ్ళాను. దాహం వేసింది. షెడ్డులో వేడి. తిరిగి వచ్చేసరికి బస్సుల వాళ్ళ దగ్గరికి వచ్చేశారు.

జూలై 24

నిజంగానే దాహం వేసింది.

ఆగస్టు 3

జాబితా పైకి పోయింది. మెస్ మూసేశారు. హైదరాబాద్ కాంట్రాక్టర్ వ్యాన్‌లో స్టీలు డబ్బాల్లో అన్నం వస్తుంది. పిల్లలు వరుసలో నిలబడి తెల్లటి, ఏ వాసనా లేని కూర తింటున్నారు. నేను ఒక డబ్బా మూత తీసి చూశాను. ఆవిరికి మూత నుంచి నీళ్ళు కారి అన్నంలో పడుతున్నాయి.

రాచమ్మ ఇప్పుడు పొద్దుటి నుంచి టెంటులోనే ఉంటుంది. "మంచిగైంది అక్కా, ఇంత పెద్ద పొయ్యి ఇడ్సిపెట్టి ఇంత చిన్న పొయ్యి దగ్గరికొచ్చిన" అని నవ్వింది. మెస్ పేర్లు ఎవరు ఇచ్చారని అడగలేదు. అడిగితే నాకు తెలియదనే చెప్పేదాన్ని. అది నిజమే. నేను గదిలో లేను.

క్వార్టర్లకు నీళ్ళు బంద్ చేశారు. పైపు పాడైందట. ఎంకమ్మ ముసలిది బిందె పట్టుకుని బోరింగ్ దాకా పోతోంది.

ఆగస్టు 13

జెండా పండుగకు క్యాంపస్ శుభ్రం చేయాలని క్వార్టర్లు ఖాళీ చేయించారు.

నేను టెంటు నుంచి పరుగెత్తే సరికి సామాను బయట ఉంది. వాన. సెక్యూరిటీ వాళ్ళు కొత్తవాళ్ళు, ఎక్కడి నుంచో తెచ్చినవాళ్ళు. పప్పు డబ్బా మూత ఊడి కందిపప్పు బురదలో ఒలికిపోయింది. పరుపు నీళ్ళు పీల్చుకుని చచ్చిన బర్రెలా పడుంది. ఎంకమ్మను కుర్చీతో సహా ఎత్తి చెట్టు కింద పెట్టారు. ఆమె ఆ కుర్చీలోనే, చీర తడిసి ఒంటికి అంటుకుని, అందరి ముందు. మొహం పక్కకు తిప్పుకుని కూర్చుంది. తనకు సిగ్గుగా ఉందని చెప్పడానికి ఆమెకు ఇంకో దారి లేదు.

రాచమ్మ ఏడవలేదు. గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. "అక్కా, ఆ దిక్కు పట్టు" అంది. నేను పట్టుకున్నాను. పరుపు బరువుకు ఇద్దరం బురదలో జారిపోయాం.

వీరప్ప గొడుగు కింద నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాడు. నన్ను చూసి తల ఆడించాడు. తెలిసినవాళ్ళను చూసి ఆడించినట్టు. ఇంటికి భోజనానికి వచ్చిన మనిషి.

బర్నబా వాళ్ళిద్దర్నీ తన ఇంటికి తీసుకుపోయాడు. మా ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. నేను పిలవలేదు. విఠల్ ఏమంటాడో అని కాదు. ఎవరు వచ్చి ఏ సోఫాలో కూర్చుంటారో ఇప్పుడు నాకే తెలియదు.

ఆగస్టు 14

అడిగాను.

విఠల్ అబద్ధం చెబుతాడనుకున్నాను. అదైనా కొంచెం గౌరవంగా ఉండేది. ఆయన టీ తాగుతూ, ఎండ పడుతున్న వరండాలో, మామూలుగా చెప్పాడు.

"అవును, మీ సెక్రటరీ సార్‌కే భూమి చూపించిన. శంకర్‌పల్లి దగ్గర. బయానా పైసలు ఇచ్చుడయిపోయింది, రిజిస్ట్రీ అయిపోయింది. హైదరాబాద్ల కొత్త క్యాంపస్ కడ్తరట. ఇక్కడ మీ క్వార్టర్ల జాగ కూడ ప్లాట్లు చేస్తరు, అది కూడ నాకే ఇస్తరు."

సెక్రటరీ అంటే కాలేజీ నడిపే ట్రస్ట్ చైర్మన్ కొడుకు. జీతాలకు డబ్బు లేదని మాకు రోజూ చెప్పిస్తున్నవాడు.

"ట్రస్టు పైసలతోనా కొన్నరు?"

"పైసలు ట్రస్టువి. పట్టా ఆయన భార్య పేరు మీద. గట్లనే జేస్తరు అందరు. నీకెందుకు ఆ కిరికిరి?"

"మెస్ల రాచమ్మను బయట పారేసిండ్రు నిన్న."

"నేను పారేసిన్నా?" కప్పు కింద పెట్టాడు. కోపం లేదు, జాలి ఉంది గొంతులో, నాకేదో అర్థం కానట్టు. "భాగ్యా, ఈ ఇల్లు నీ జీతంతోని లేసిందా? మన చిద్రిల అందరికంటె మంచి ఇల్లు. ఈ టైల్స్ ఎక్కడియనుకున్నవు? నువ్వే గద పసంద్ చేసినవు."

నేనే. దుకాణంలో ఒక పూటంతా నిలబడి, కాఫీ రంగు వద్దని, ఈ లేత పసుపు రంగు ఏరుకున్నాను.

ఆయన కప్పు తీసుకుని, ఆ టైల్స్ మీదుగానే లోపలికి వెళ్ళాను.

ఆగస్టు 15

జెండా ఎగిరింది. మొగులప్ప అందరికీ లడ్డూలు పంచాడు.

ఆగస్టు 21

ఎల్లుండి లేబర్ ఆఫీసులో మేనేజ్‌మెంట్‌తో మాటలు. బర్నబా అడిగాడు, "వాళ్ళు నష్టమంటరు. మనం ఏమనాలె చెల్లె?" "చూద్దాం అన్నా" అని చెప్పాను.

చెబితే విఠల్ పోతాడు. చెప్పకపోతే నాకు తెలుసునన్న సంగతి ఎవరికీ తెలియదు. ఎంత తేలికో.

ఆగస్టు 23

చెప్పేశాను.

లేబర్ ఆఫీసర్ చిన్నవయసు మనిషి, బల్లకు ఒకవైపు మమ్మల్ని, ఒకవైపు మేనేజ్‌మెంట్‌ను కూర్చోబెట్టాడు. అంతా కన్నడంలోనే నడిచింది. వీరప్ప ఎప్పటిలాగే చల్లగా మొదలుపెట్టాడు. పిల్లలు రావడం లేదు, ట్రస్ట్ అప్పుల్లో ఉంది, సగం జీతాలకే తిప్పలు, మనసు రాకపోయినా తప్పడం లేదు. మాటకు మాటకు మధ్య రుమాలుతో పెదాలు అద్దుకుంటున్నాడు. ఆ పెదాలనే చూస్తూ కూర్చున్నాను. నా వంకాయకూర తిన్న పెదాలు.

మొగులప్ప, "పేర్ల విషయంల మేం కొంత సహకరించినం సార్" అన్నాడు. సిగ్గు లేకుండా, ఆఫీసర్ మెచ్చుకుంటాడని.

నేను లేచాను. కుర్చీ వెనక్కి పడింది. నా కన్నడం కంగారులో సగం తెలుగైపోయింది. ట్రస్ట్ దగ్గర డబ్బు లేకపోవడం అబద్ధం, శంకర్‌పల్లి దగ్గర భూమి కొన్నారు, పట్టా సెక్రటరీ భార్య పేరు మీద ఉంది అని చెప్పాను.

"నీకెట్లా తెలుసమ్మా?" ఆఫీసర్ అడిగాడు.

"ఆ భూమి చూపించింది మా ఆయన."

బర్నబా నా వైపు తిరిగాడు. నేను ఆయన మొహం చూడలేదు.

వీరప్ప రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. ఆఫీసర్‌ను వదిలేసి మా వాళ్ళ వైపు తిరిగి, తెలుగులో మాట్లాడాడు. "ఈ అమ్మ ఇంట్ల నేను అన్నం తిన్న. నక్ష ముందట పెట్టుకోనే తిన్న. ఈమెనే వడ్డించింది. చాలంటె కూడ ఇంకోసారి వడ్డించింది. ఆమె మొగడు మా దగ్గర కమీషన్ తీసుకున్నడు. ఆ పైసలు ఎవరి ఇంట్లకు పోయినయో మీరే అడుగుండ్రి."

ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండేది.

ఆఫీసర్ మాత్రం భూమి కాగితాలు, లెక్కలు అన్నీ తెమ్మన్నాడు. మాటలు నడుస్తుండగా ఒక్కర్ని కూడా తీయడానికి లేదని, క్వార్టర్లు తిరిగి ఇవ్వాలని రాయించాడు. వీరప్ప నింపాదిగా సంతకం చేశాడు.

బయటికి వచ్చాక మా వాళ్ళంతా ఒక ఆటోలో ఇరుక్కున్నారు. నాకు చోటు లేదన్నారు. ఇంకో ఆటో పిలవచ్చు. ఎవరూ పిలవలేదు.

ఆగస్టు 24

విఠల్ బట్టలు సర్దుకుని హైదరాబాద్ వెళ్ళాడు. తిట్టలేదు. గుమ్మంలో నిలబడి, "నీకు ఏమొచ్చింది దీంట్ల?" అని మాత్రం అడిగాడు. లాస్య తలుపు వెనక నుంచి వింటోంది.

సెప్టెంబర్ 4

గెలిచాం. మేనేజ్‌మెంట్ మొత్తం వెనక్కి తీసుకుంది. కాగితాలు చూపించడం కన్నా మనుషులను ఉంచుకోవడమే వాళ్ళకు చవక. ఎవర్నీ తీయరట. మెస్ కూడా మళ్ళీ మనదే.

టెంటు విప్పేటప్పుడు బ్యాండు పెట్టారు. మొగులప్ప మెడలో దండలు. దుమ్ములో ఎగిరాడు. సిద్దు, ఏసప్ప భుజాల మీద చేతులు వేసుకుని తిరిగారు. రాచమ్మ పొయ్యి దగ్గర నుంచి చూసి నాకు చెయ్యి ఊపింది. అటు వెళ్ళబోయేసరికి ఎవరో పెద్ద గుండిగ మధ్యలోంచి మోసుకుపోయారు.

నేనెక్కడ నిలబడినా అక్కడ కొంచెం జాగా ఏర్పడుతోంది.

సెప్టెంబర్ 11

నన్ను సస్పెండ్ చేశారు. కారణం, సంస్థ వ్యవహారాల్లో కుటుంబానికి లాభం. అంటే వాళ్ళకు భూమి మా ఆయన చూపించినందుకు నన్ను. చదివి నవ్వాను. పక్క కుర్చీలో కూర్చునే ఆమె నవ్వు విని మొహం తిప్పుకుంది. ఆమె పేరు కూడా ఆ షెడ్డులో చదివారు.

యూనియన్ ఆఫీసుకు వెళ్ళాను. తలుపుకు లోపలి గడియ. లోపల మాటలు వినబడుతున్నాయి.

సెప్టెంబర్ 16

బర్నబా వచ్చాడు. చర్చి నుంచి నేరుగా, తెల్ల చొక్కాలో. వీధి చివర గణపతి పందిరి డప్పులకు మాట సరిగా వినబడడం లేదు. తలుపు వేశాను. సోఫా చూపిస్తే కూర్చోలేదు, గోడ పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

"నిన్న రాత్రి కమిటీ కూసున్నది చెల్లె."

"నాకు కబురు లేదు."

"నీ గురించే. మొగులప్ప తీర్మానం పెట్టిండు. నిన్ను కమిటీల నుంచి తీసేయాలె, నీ సస్పెన్షన్ కేసు యూనియన్ పట్టుకోవద్దని. నువ్వు, నీ మొగడు రెండు దిక్కుల తిన్నరట. మీ వాటా తక్కువైతె నువ్వు బయటపెట్టినవట."

"మీరేమన్నరు?"

"గట్ల గాదని చెప్పిన. ఎవరూ వినలే. అందరు చేతులెత్తిండ్రు." తన చేతుల వైపు చూసుకున్నాడు. "నేను కూడ ఎత్తిన."

ఈ మూడు నెలల్లో నేను అసహ్యించుకోని మనిషి ఆయన ఒక్కడే అని అప్పుడు తెలిసింది.

"ఎత్తకుంటే మొగులప్ప సగం మందిని తీస్కొని పోతుండె. యూనియన్ ఖతమైతుండె. మళ్ళ వాళ్ళు పేర్లు తీస్తే ఆపెటోడు ఉండడు." కుర్చీ ముందుకు జరుపుకుని, "ఇది నీకు నేనే చెప్పాలె అనిపించింది. ఇంకొకల నోట వినొద్దు" అన్నాడు.

మర్యాద. ఎంత మంచి మర్యాద. నేను వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించాను. అరవాలనుకున్నాను. పాలు పొంగేదాకా అక్కడే నిలబడ్డాను. టీ తెచ్చి ఇచ్చాను. ఊదుకుంటూ మొత్తం తాగాడు, ఒక్క చుక్క మిగల్చలేదు. వెళ్ళేటప్పుడు కప్పు తనే లోపలికి తెచ్చి కడిగిపెట్టాడు.

ఆయన్ని తిట్టుకుందామని చాలాసేపు ప్రయత్నించాను. ఆయన చెప్పింది నిజం. అందుకే ఇంకా రోత.

సెప్టెంబర్ 20

లేబర్ ఆఫీసుకు ఒక్కదాన్నే వెళ్ళి నా అర్జీ ఇచ్చాను. క్లర్క్, "యూనియన్ పేరు?" అన్నాడు. లేదన్నాను. అక్కడ ఒక గీత గీశాడు.

విఠల్ ఫోన్ చేశాడు. లాస్యతో మాట్లాడి పెట్టేశాడు.

సెప్టెంబర్ 29

కూరగాయల మార్కెట్‌లో రాచమ్మ కనబడింది. మెస్ కోసం కాదు, ఇంటికి కొనుక్కుంటోంది. నన్ను చూసి తప్పించుకోలేదు. అదే ఎక్కువనిపించింది.

"మంచిగున్నవా అక్కా? చిక్కిపోయినవు."

"క్వార్టర్‌కు నీళ్ళొస్తున్నయా?"

"వస్తున్నయి. పొద్దుగాల ఒక్కసారి, మాపటికి ఒక్కసారి. అమ్మకు మంచం కూడ ఏసిన."

టమాటాలు ఏరుకుంటూ ఉంది. నేనూ ఏరుతున్నాను, కొనడానికి కాదు. అప్పుడు, చుట్టూ ఎవరైనా వింటున్నారేమో చూసి, నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఇంట్లో సంగతి ఇంట్లో మనిషిని అడిగినట్టు అడిగింది.

"ఎంత తక్కువిచ్చిండ్రక్కా?"

"ఎవరు?"

"ఆ సెక్రటరీ వాళ్ళు. మీ ఆయనకు. అందరు అంటుండ్రు. తప్పేముంది, ఇస్తమని ఇయ్యకపోతె ఎవరికైన మండుతది."

టమాటా చేతిలో ఉంది. మెత్తగా, ఒకవైపు కుళ్ళి, వేలు దిగబడింది. ఆ రసం మణికట్టు దాకా కారింది.

"తక్కువ ఇయ్యలే రాచమ్మా. ఇస్తమన్నదంత ఇచ్చిండ్రు."

ఆమె నమ్మాలో వద్దో తెలియక నా మొహం చూసింది. "మరెందుకు చెప్పినవు?"

చెప్పడానికి ఎన్నో ఉన్నాయి. ఈ డైరీ నిండా ఉన్నాయి. మణికట్టు కొంగుకు తుడుచుకున్నాను.

"నీ సామాను వానల పారేసిండ్రు గద. అమ్మను చెట్టు కింద కూసోవెట్టిండ్రు. గందుకు."

రాచమ్మ బుట్టలో చెయ్యి పెట్టి ఊరికే టమాటాలను కదిపింది. ఆమె మొహంలో ముందు ఆశ్చర్యం, తర్వాత నా మీద జాలి లాంటిది కనబడింది. తెలివి తక్కువ పని చేసిన చెల్లెల్ని చూసినట్టు.

"గంతకేనా?" అంది.

"గంతకే" అన్నాను.

ఆమె కొట్టువాడి వైపు తిరిగి బేరం మొదలుపెట్టింది.